బిల్లు పెంచింది స్మార్ట్ బల్బులేనా?

ప్రశ్న: మేం మియాపూర్‌లో మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఈమధ్య ఇంట్లో మామూలు ఎల్‌ఈడీ బల్బులన్నీ తీసేసి 14 వై-ఫై స్మార్ట్ బల్బులు పెట్టుకున్నాం. అవీ ఇవీ 9 వాట్లవే. మా వారు మూలన పడున్న పాత లాప్‌టాప్‌లో హోమ్ అసిస్టెంట్ అనే, ఇంట్లో స్మార్ట్ పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్ వేసి బల్బులన్నీ దానికి కలిపారు. బాల్కనీ లైటు పొద్దుగూకగానే దానంతటదే వెలిగి తెల్లారాక ఆరుతుంది. ఇదివరకు నెలకు 188 యూనిట్లు వచ్చేది, ఈసారి 214 వచ్చింది. బిల్లు 360 రూపాయల పైనే పెరిగింది. గీజరు, ఫ్యాన్లు ఎప్పటిలాగే, ఏసీ ఇంకా మొదలుపెట్టలేదు. బిల్లు చూసిన దగ్గర్నుంచి మా మామగారు "ఆరినా కరెంటు తినే బల్బులు తెచ్చారు" అంటూ రోజూ రాత్రి స్విచ్ బోర్డుల దగ్గర అన్నీ కట్టేస్తున్నారు. పొద్దున యాప్ తెరిస్తే అన్నీ ఆఫ్‌లైన్. ఆయనకీ మా వారికీ మధ్య నాకు టెన్షన్. బల్బులు నిజంగా ఎంత తింటున్నాయో తెలుసుకోవడం ఎలా? ఒక్కో బల్బుకీ మీటరున్న స్మార్ట్ ప్లగ్ కొనాలా?
— ఒక పాఠకురాలు, మియాపూర్

సమాధానం: ముందు ప్లగ్గుల సంగతి. కొనకండి. సీలింగ్ హోల్డర్‌లో ఉండే బల్బుకు గోడ ప్లగ్గు ఎలాగూ పనికిరాదు. టేబుల్ ల్యాంపు పెట్టి కొలిచినా, బల్బు ఆరివున్నప్పుడు లాగే అర వాటు చాలా ప్లగ్గులకు ఆనదు, సున్నా అని చూపిస్తాయి. పైగా ఆ ప్లగ్గు తన కోసం ఒక వాటు దాకా వాడుకుంటుంది. బల్బు తినేది కనిపెట్టడానికి బల్బు కన్నా ఎక్కువ తినే దాన్ని ఇంట్లోకి తెచ్చినట్టవుతుంది.

అసలు బల్బుకు మీటరు అక్కర్లేదు. ఫ్రిజ్ ఎంత తింటుందో కూర్చుని లెక్కగట్టడం కష్టం. కంప్రెసర్ ఎప్పుడు తిరుగుతుందో, ఎంతసేపు తిరుగుతుందో, తలుపు ఎన్నిసార్లు తీశారో ఎవరు చూశారు? బల్బు అలా కాదు. 9 వాట్ల బల్బు నిండుగా వెలిగినంతసేపూ ఇంచుమించు 9 వాట్లే. అది ఎప్పుడు వెలిగిందో, ఎంత వెలుతురులో ఉందో నిమిషాలతో సహా మీ హోమ్ అసిస్టెంట్‌కు తెలుసు. వాట్లు తెలిసి, గంటలు తెలిస్తే మిగిలింది గుణకారమే. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్.

మీ మామగారి మాటలో సగం నిజముంది. స్మార్ట్ బల్బు ఆరివున్నా పూర్తిగా ఆరదు. ఫోన్ నుంచి "వెలుగు" అనే కబురు ఎప్పుడొస్తుందోనని లోపలి వై-ఫై చిప్ ఎదురుచూస్తూ ఉంటుంది, దానికి కరెంటు కావాలి. అది మామూలుగా 0.3 నుంచి 0.5 వాట్ల మధ్య ఉంటుంది. నాసిరకం వాటిలో ఇంకాస్త ఎక్కువ, వై-ఫై బదులు జిగ్‌బీ అనే వేరే రేడియోతో పనిచేసే బల్బుల్లో కొంచెం తక్కువ. యూరప్‌లో అయితే 2021 సెప్టెంబర్ నుంచి ఇది అర వాటు దాటకూడదని నిబంధనే ఉంది. మన దగ్గర అమ్మే డబ్బాల మీద ఈ అంకె వేసినవి అరుదు, అందుకని మీకు 0.4 అనుకుందాం. మీ మామగారి తరం ఇళ్లలో రాత్రంతా వెలిగిన జీరో బల్బు, పేరుకే జీరోగానీ, 15 వాట్ల దాకా లాగేది. మీ 14 బల్బులూ ఆరివుండి తినేదంతా కలిపినా అందులో సగం కూడా కాదు. ఈ మాట ఆయనతో ఎప్పుడు అనాలో మీకే బాగా తెలుసు.

ఇక లెక్క. మీరు గంటలు రాయలేదు కాబట్టి మీలాంటి ఇంటికి తగ్గట్టు నేనే వేస్తున్నాను, మీ అంకెలు పెట్టి మార్చుకోండి. హాల్లో 4 బల్బులు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 5.4 యూనిట్లు. మూడు బెడ్‌రూముల్లో రెండేసి చొప్పున 6 బల్బులు, రెండున్నర గంటలు, దాదాపు 4 యూనిట్లు. వంటింట్లో 2 బల్బులు 4 గంటలు, 2 యూనిట్ల పైచిలుకు. దేవుడి గదిలో ఒకటి 2 గంటలు, అర యూనిట్. బాల్కనీలో ఒక్కటే ఉన్నా రాత్రంతా, అంటే 12 గంటలు వెలుగుతుంది కాబట్టి 3.2 యూనిట్లు. మొత్తం 15.4. ఇక వెలగని గంటల్లో 14 బల్బులూ 0.4 వాట్ల చొప్పున లాగేది ఇంకో 3.4. అంతా కలిపితే నెలకు 19 యూనిట్ల లోపు.

ఇందులో కొత్తగా వచ్చి చేరింది ఎంత? మీ పాత బల్బులూ 9 వాట్ల ఎల్‌ఈడీలే కాబట్టి బాల్కనీ తప్పితే వెలుతురు ఖర్చు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కొత్తది ఆ 3.4 యూనిట్లు, తెల్లవార్లూ వెలిగే బాల్కనీ 3.2 యూనిట్లు. రెండూ కలిసి 7 లోపు. మీకు పెరిగింది 26. మరి మిగతా 19 ఎక్కడ?

మూలన పడున్న పాత లాప్‌టాప్ అని మీరే రాశారు. అది ఇప్పుడు మూలన పడిలేదు, రాత్రింబవళ్లు నడుస్తోంది. పాత లాప్‌టాప్ స్క్రీన్ వెలిగి ఖాళీగా ఉన్నా 15 నుంచి 25 వాట్ల దాకా లాగుతుంది. 20 వేసుకుంటే నెలకు 720 గంటలకు 14.4 యూనిట్లు. మీ ఇంట్లో బల్బులన్నీ వెలుతురిచ్చి తిన్నంత కరెంటును, వాటికి ఆజ్ఞలిచ్చే పెట్టె ఒక్కటే తింటోంది! మామగారు రోజూ రాత్రి అన్ని గదులూ తిరిగి స్విచ్చులు కడుతున్నారు గానీ, అసలు తిండిపోతు పక్కగానే నడిచి వెళ్తున్నారు.

ఇంకో 5 యూనిట్లు మిగిలాయి. మీ ఇంటి వాడకం రోజుకు 6, 7 యూనిట్లు. రీడింగ్ తీసే అతను ఒక రోజు ఆలస్యంగా వచ్చినా అంత తేడా వస్తుంది. బిల్లు మీద పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ రెండూ ఉంటాయి, ఎన్ని రోజుల బిల్లో చూడండి.

26 యూనిట్లకే 360 రూపాయలు ఎందుకు పెరిగిందన్నది అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. తెలంగాణలో 2022 నుంచి నడుస్తున్న రేట్ల ప్రకారం నెల వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు 3.40 రూపాయలు, తర్వాతి వాటికి 4.80. మీ 188 యూనిట్లకు 762.40 రూపాయలు. 200 దాటితే ఆ పై యూనిట్లకు మాత్రమే రేటు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు, మొత్తం లెక్కే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున, ఆ పైన 300 దాకా 7.70 చొప్పున వేస్తారు. మీ 214కి 1,127.80. ఇవి ఎనర్జీ చార్జీలు మాత్రమే, ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ వేరు. సరిగ్గా 200 దగ్గర ఆగితే 820 రూపాయలు, 201 అయితే 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. మీకు పెరిగిన 365 రూపాయల్లో 240 దాకా ఈ గీత దాటినందుకే. తెల్ల రేషన్ కార్డు మీద గృహజ్యోతి ఉచిత కరెంటు పథకంలో ఉన్నవాళ్లకైతే ఇంకా ఘోరం, 200 దాటిన నెల జీరో బిల్లు పోయి మొత్తం కట్టాలి.

ఇదంతా నా ఊహ కాదని మీ మామగారికి ఎలా నమ్మకం కలగాలి? ఆయననే కొలవమనండి. ఇంట్లో అందరికన్నా నమ్మకమైన మీటరు కింద సెల్లార్‌లో ఉంది. మీ ఫ్లాట్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. పలక మీద "ఇంప్/కేడబ్ల్యూహెచ్" అన్న అక్షరాల పక్కన ఒక అంకె, 3200 లాంటిది, వేసి ఉంటుంది. యూనిట్‌కు అన్నిసార్లు మిణుకుతుందని అర్థం. ఏసీ, గీజరు, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఆ లాప్‌టాప్ అన్నీ కాసేపు ఆపండి. ఫ్రిజ్‌కు అరగంట వల్ల ఏమీ కాదు. రూటర్‌ను మాత్రం ఆపకండి, వై-ఫై పోతే బల్బులు దాని కోసం వెతుక్కుంటాయి, కొలత తప్పుతుంది. రూటర్‌కు మినీ యూపీఎస్ ఉంటే గోడ ప్లగ్గు తీసి బ్యాటరీ మీద నడపండి, లేకపోతే రూటర్ తినేది కూడా కొలతలో కలుస్తుంది. మొదట 14 బల్బులూ తెల్ల వెలుతురుతో నిండుగా వెలిగించండి. మామగారు కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఒక మిణుకు దగ్గర ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాలి. ఆ మిణుకును సున్నా అనుకుని అక్కడి నుంచి పది లెక్కపెట్టి ఆపాలి. 3200 మీటరుకైతే 11,250ని వచ్చిన సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. 89 సెకన్లు వస్తే 126 వాట్లు, అంటే బల్బుకు 9 చొప్పున లెక్క సరిపోయినట్టే. తర్వాత యాప్‌లో బల్బులన్నీ ఆపండి, స్విచ్ బోర్డు దగ్గర కాదు. ఇప్పుడు మిణుకుకూ మిణుకుకూ మధ్య రెండువందల సెకన్ల దాకా పడుతుంది. ఓపిక కావాలి, ఐదు మిణుకులకు పదిహేడు నిమిషాలు. అది 5.6 వాట్లు. చివరగా లాప్‌టాప్ ఒక్కటీ వేయండి. మిణుకులు ఒక్కసారిగా దగ్గరపడతాయి, నలభై, యాభై సెకన్లకొకటి. మీరు చెప్పకుండానే ఆయనకు అర్థమైపోతుంది.

లైట్లు ఇన్వర్టర్ మీదుగా ఉంటే ఇన్వర్టర్ ప్లగ్గు పీకకండి. పీకితే బల్బులు బ్యాటరీతో వెలుగుతాయి, మీటరుకు కనబడవు. బ్యాటరీ నిండాక, బల్బులు ఆపి ఒకసారి, వెలిగించి ఒకసారి కొలిచి తేడా తీసుకోండి.

కొలతకు ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే ఒక చిక్కు వస్తుంది. అతను తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి 0.08 ఆంపియర్లు చూసి, 230తో గుణించి "18 వాట్లు తింటోంది సార్, డబ్బా మీద 9 అని అబద్ధం రాశారు" అంటాడు. డబ్బా అబద్ధం కాదు. పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన దానిలో నిజంగా ఖర్చయ్యే వాటా, తక్కువగా ఉన్న బల్బులు ఆంపియర్లలో ఎక్కువ చూపిస్తాయి, నిజంగా ఖర్చయ్యే వాట్లు తక్కువ. గృహ వినియోగదారులకు బిల్లు వేసేది ఆ వాట్ల మీదే.

ఇక మీ వారి పని. హోమ్ అసిస్టెంట్‌కు పవర్‌కాల్క్ అనే ఉచిత అనుబంధం ఉంది, ఇలాంటి లెక్క కోసమే తయారైంది. చాలా కంపెనీల బల్బులను ఎవరో ఒకరు ఒక్కో వెలుతురు మెట్టు దగ్గర, ఒక్కో రంగు దగ్గర కొలిచి పెట్టిన పట్టికలు అందులో ఉన్నాయి. మీ మోడల్ దొరికితే చేతితో పని లేదు. దొరకకపోతే కనిష్ఠ వాట్లు, గరిష్ఠ వాట్లు, ఆరినప్పటి 0.4 ఇస్తే వెలుతురును బట్టి మధ్యలో అదే అంచనా వేస్తుంది. అది ఆ క్షణపు వాట్లు ఇస్తుంది, వాటిని యూనిట్లుగా కూడబెట్టేదీ అదే. రీడింగ్ తేదీ నుంచి నెలవారీ లెక్కకు యుటిలిటీ మీటర్ అనేది హోమ్ అసిస్టెంట్‌లోనే ఉంది.

అంచనా ఎక్కడ దారి తప్పుతుందో కూడా తెలిసివుండాలి. స్లైడర్ 50 శాతం దగ్గర పెడితే 4.5 వాట్లే అని అనుకోవద్దు. చాలా బల్బుల్లో స్లైడర్‌ను మన కంటికి తగ్గట్టు సర్దుతారు, సగం వెలుతురు అనిపించే చోట వాట్లు సగం కన్నా తక్కువే ఉండొచ్చు. ఏ బల్బు ఎలా చేస్తుందో దాన్ని బట్టే. పండక్కి ఎర్రగానో నీలంగానో మార్చితే ఖర్చు ఇంకా తగ్గుతుంది. రంగుల ఎల్‌ఈడీలు లోపల చిన్నవి, వెలుతురూ తక్కువే. మీ ఇంట్లో ఎక్కువసేపు వెలిగేది తెల్లగా కాబట్టి ఈ తేడాలు నెలకు ఒకటి రెండు యూనిట్లు దాటవు. పెద్ద పొరపాటు వచ్చేది కరెంటు పోయి వచ్చినప్పుడు. వేసవిలో రాత్రి రెండింటికి కరెంటు పోయి వస్తే చాలా స్మార్ట్ బల్బులు ఆరివున్నవి కూడా నిండుగా వెలిగిపోతాయి. ఇంట్లో అందరూ ఉలిక్కిపడి లేవడం ఒక ఎత్తు, ఎవరూ లేని గదిలో తెల్లారేదాకా వెలగడం ఇంకో ఎత్తు. యాప్‌లో కరెంటు వచ్చాక ఏం చేయాలన్న సెట్టింగ్ ఉంటుంది, "పాత స్థితి" అని పెట్టండి. హోమ్ అసిస్టెంట్, రూటర్ మళ్లీ లేచేదాకా ఆ మధ్య వెలిగింది లెక్కలోకి రాదు కూడా.

ఇప్పుడు 200 గీత కిందికి రావడం. లాప్‌టాప్ బదులు రాస్‌బెరీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు పెడితే 4 వాట్లతో పని జరుగుతుంది, నెలకు 2.9 యూనిట్లు. పదకొండున్నర మిగులుతుంది. కొనేదాకా కనీసం స్క్రీన్ ఆపి ఉంచమనండి. లాప్‌టాప్‌ను ఏళ్ల తరబడి చార్జింగ్‌లోనే వదిలేస్తే బ్యాటరీ ఉబ్బుతుంది కూడా, అది బిల్లు కన్నా పెద్ద తలనొప్పి. బాల్కనీ లైటును రాత్రి 11 దాటాక 20 శాతానికి దించితే ఇంకో ఒకటిన్నర యూనిట్ దాకా తగ్గుతుంది. ఈ రెండూ చేసినా 214 నుంచి 201 దగ్గరే ఆగుతారు, గీతకు అవతలే! అప్పుడు సెట్‌టాప్ బాక్సు వైపు చూడండి. టీవీ రిమోట్‌తో ఆపి పడుకుంటాం, బాక్సు 10 నుంచి 15 వాట్లు లాగుతూనే ఉంటుంది. రాత్రి పది గంటలు దాని స్విచ్ కట్టేస్తే 3.6 యూనిట్లు తగ్గి 198 లోపు వస్తారు. మామగారికి రాత్రి రౌండ్ అలవాటైంది కదా, బల్బుల స్విచ్చులు వదిలేసి ఆ ఒక్క స్విచ్ ఆయనకు అప్పగించండి. బల్బుల స్విచ్చులు కట్టడం వల్ల ఆయన కాపాడేది నెలకు ఎక్కువలో ఎక్కువ 3.4 యూనిట్లు. అందుకు ఆటోమేషన్ అంతా ఆగిపోతోంది. పైగా చాలా వై-ఫై బల్బులు నాలుగైదుసార్లు టకటకా వేసి ఆపితే రీసెట్ అయిపోయి మినుకుమంటూ కూర్చుంటాయి, మళ్లీ మొదటినుంచి కలుపుకోవాలి.

ఏసీ మొదలైతే ఈ లెక్కలేవీ మిమ్మల్ని 200 లోపు ఉంచలేవు, ఆ మూడు నెలలూ గీత సంగతి వదిలేయండి. మిగతా నెలల్లో ఇంకాస్త వెసులుబాటు కావాలంటే హాల్లో 75 వాట్ల పాత ఫ్యాన్ తీసి తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టండి. రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 13.5 యూనిట్లు తగ్గుతుంది. ఒక్క ఫ్యాన్‌తో మీ 14 బల్బులూ ఆరివుండి తినేదానికి నాలుగు రెట్లు తిరిగొస్తుంది.

హాల్లో నాలుగు బల్బులూ ఎప్పుడూ కలిసే వెలిగేవైతే, పాడైనప్పుడు మళ్లీ నాలుగు స్మార్ట్ బల్బులు కొనకండి. మామూలు ఎల్‌ఈడీలు వేసి, స్విచ్ బోర్డు వెనక ఒక స్మార్ట్ స్విచ్ మాడ్యూల్ పెట్టించండి. మేలుకుని ఉండేది నాలుగు చిప్పుల బదులు ఒక్కటే అవుతుంది, మామగారు గోడ మీద స్విచ్ నొక్కినా యాప్‌లో ఆఫ్‌లైన్ కాదు. రంగులు, వెలుతురు తగ్గించడం పోతాయి, ఒప్పుకుంటేనే. అలాంటి మాడ్యూళ్లలో చాలావాటికి స్విచ్ బాక్సులోకి న్యూట్రల్ వైరు కావాలి. పాత అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల అది ఉండదు, కొనేముందు ఎలక్ట్రీషియన్‌తో బోర్డు విప్పించి చూడండి.